పేరోలు

మా కొట్లో మూడే పనులు:
జిరాక్సు, లామినేషను, అర్జీలు కొట్టడం.
రాజోలులో ఠాణాకి ఎదురు సందు.
జల్లు కొడితే ప్రింటరు మీద గోనె కప్పాలి.

శాంతకుమారి లంకలోంచి వచ్చింది,
చీర కుచ్చిళ్ళకి ఇంకా వరద ఒండ్రు.
"పేరోలు కాయితం రాయాలండి, మా ఆయనకి."
పెరోల్, అన్నాను. పే కాదు, పె.
"అదేనండి. పేరోలు."

కారణం అన్నచోట ఏం కొట్టమంటావంటే
గోడ, అంది.
గోదారి వైపు గోడ, మొన్నటి వరదకి కూర్చుండిపోయింది,
రాత్రిళ్ళు కుక్కలు తిన్నగా పిల్ల పక్కలోకే వస్తున్నాయి.
ఖైదీ నెంబరు
జాకెట్లోంచి చీటీ తీసి, ఒక్కో అంకె కూడబలుక్కుని చెప్పింది.
పేరు మాత్రం చీటీ చూడకుండా చెప్పింది:
గెడ్డం ఏసురత్నం.

"పదిహేను రోజులు నెంబరెట్టి పిలవరు కదండీ,
పేరెట్టి పిలుస్తారు.
అందుకే పేరోలంటారేమో."

నవ్వొచ్చింది. నాలుగు ముక్కలు చదివినవాణ్ణి, ఊరుకుంటానా?
అది పరాయిదేశపు మాటమ్మా,
దాని అర్థమే 'మాట'.
వెనకటికి యుద్ధంలో చిక్కిన సిపాయి
పారిపోనని మాటిస్తే వదిలేసేవారట.

ఆవిడ కాసేపు నా కీబోర్డు వంక చూసింది.
"మాట చాలితే
ఇద్దరు జామీనుదార్లెందుకండీ,
వాళ్ళ ఇంటిపన్ను రసీదులెందుకు,
రోజూ ఠాణాలో సంతకమెందుకు?"
నేను టోనరు డబ్బా ఊపి చూసుకున్నాను.

అతనొచ్చాడు.
రోజూ పొద్దున్నే పడవ దిగి, ఆటో పట్టుకుని,
సంతకం పెట్టి, మా చూరు కింద నిలబడి టీ తాగేవాడు,
గోళ్ళల్లో తడి మట్టి.
ఏం చేసి లోపలికెళ్ళాడో నేనడగలేదు.
ఊళ్ళో అందరికీ తెలుసు,
ఒక్కొక్కరికి ఒక్కోలా తెలుసు.

టీకొట్టులో అతను జైలాయన.
రేవులో సెలవు మీదొచ్చినోడు.
కానిస్టేబులుకి, "ఒరే పెరోలూ, ఇక్కడెట్టు సంతకం."
పేరెట్టి ఒక్కరూ పిలవలేదు.
నేనూ అంతే,
చిల్లర తిరిగిస్తూ 'బాబూ' అన్నాను.

పన్నెండో రోజుకి గోడ చూరు అందుకుందట.
పధ్నాలుగో రోజు ధవళేశ్వరంలో నీళ్ళొదిలారు.
వదిలిన నీళ్ళకి జామీనుండదు,
అవి ఏ ఠాణాలోనూ సంతకం పెట్టవు.
తెల్లారేసరికి రేవు మెట్లు కనపళ్ళేదు,
పడవలు ఆపేశారు.

పదిహేనో రోజు.
రైటరు రిజిస్టరు తిరగేసి, ఖాళీ గడి మీద వేలుపెట్టి
"ఇంకేం వస్తాడు, నీళ్ళొదులుకోవడమే" అన్నాడు.
ఆ మాటకి నలుగురూ నవ్వారు.
సందులోంచి నేను కూడా.

నాలుగింటికి
అరటిబోదెల తెప్ప మీద దాటి,
ఛాతీ దాకా ఎర్రనీళ్ళు కారుతూ వచ్చి నిలబడ్డాడు.
లుంగీ మడతలోంచి ఉత్తర్వు తీశాడు,
ముప్ఫై రూపాయలకి నేను లామినేషను చేసిందే,
ఒక్క అక్షరం చెదరలేదు.
అంత ఏటిలో పడి ఎందుకొచ్చావురా,
వరదంటే ఎవరు కాదంటారు, అన్నాడు రైటరు.

"రెండ్రోజులు పొడిగిస్తారేమో అడుగుదామనండి.
గోడ ఆరలేదు."

పొడిగించే అధికారం ఠాణాకి లేదు.
జీపు ఎక్కేముందు
చొక్కా కొస పిండుకుని ఎక్కాడు, సీటు తడవకుండా.

వరద తీశాక శాంతకుమారి రేషన్ కార్డు జిరాక్సుకొచ్చింది.
గోడ?
"అడుగున జారిందండి కొంచెం. ఉంది."
చిల్లర లెక్కపెట్టుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.
"మళ్ళీ పేరోలు ఎప్పుడు పెట్టుకోవచ్చండి?"

పొడి కాయితం వెతికాను.
ముందు పేరు కొట్టాను, ఇంటిపేరుతో సహా.
ఆ తర్వాత ఆ మాట, పేకి దీర్ఘమిచ్చి.
తెర మీద దాని కింద ఎర్రగీత పడింది.
ఉండనిచ్చాను.